చుట్టును చూపు చిత్రములు: విద్యార్థి నేర్వవలసిన మూడు పాఠములు

వీధి భాగవతమున ఆటగాడు నడుమ నుండును. జనము చుట్టును కూర్చుండి చూతురు. తలకు హెడ్‌సెట్ తొడుగుకొని చూచు చిత్రమున ఈ ఏర్పాటు తలక్రిందులగును. ప్రేక్షకుడు నడుమ నుండును. ఆట అతని చుట్టును జరుగును. వర్చువల్ రియాలిటీ అను పేర వ్యాపించిన ఈ విద్యను నేడు పెక్కు దేశములలో విద్యార్థులు నేర్చుచున్నారు. కెమెరాను నిలుపుట, బొమ్మలను అతుకుట, ధ్వనిని కూర్చుట వారికి పాఠములు. ఇవన్నియు అవసరమే. కాని నడుమ నిలిచిన ఆ ప్రేక్షకుడు కథలో ఎవరు? ఈ ప్రశ్నను మొదట వేసికొననిచో తక్కిన నేర్పంతయు దారి తప్పును. విద్యార్థులకు మాదిరిగా చూపదగిన మూడు ప్రసిద్ధ కృతులను పరిశీలించినచో ఈ సంగతి స్పష్టమగును.

ముందుగా యంత్రమును గూర్చి కొంత తెలియవలెను. మనుష్యుని రెండు కనుపాపల నడుమ సుమారు 63 మిల్లీమీటర్ల ఎడము కలదు. అందుచే ఒకే వస్తువు రెండు కన్నులకును కొంచెము భిన్నముగా కనబడును. మెదడు ఆ రెంటిని కలిపి లోతును గ్రహించును. ఈ సంగతిని 1838లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు చార్లెస్ వీట్‌స్టన్ స్టీరియోస్కోపు అను సాధనముతో నిరూపించెను. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లండ్, తల త్రిప్పినకొలది మారు బొమ్మను కన్నుల యెదుట నిలుపు పరికరమును ప్రదర్శించెను. నేటి హెడ్‌సెట్ ఈ రెంటి కలయికయే. తల తిరుగుటకును బొమ్మ మారుటకును నడుమ సుమారు 20 మిల్లీసెకండ్లకు మించి ఆలస్యము ఉండరాదని ఈ రంగమున పనిచేయువారు చెప్పుదురు. మించినచో కన్ను చెప్పునదొకటి, లోచెవి చెప్పునది వేరొకటి యై, కడుపులో త్రిప్పును.

ఇట్టి చిత్రములు రెండు విధములు. మొదటిది వీడియో. పలు కటకములు ఒకేసారి అన్ని దిక్కులను పట్టగా, కంప్యూటరు ఆ బొమ్మలను అతికి గోళముగా చేయును. ఇందు ప్రేక్షకుడు తల త్రిప్పి చూడవచ్చును గాని, అడుగు ముందుకు వేసి వస్తువును సమీపింపలేడు. గుంజకు కట్టిన లేగదూడ వంటివాడు. రెండవ విధమున స్థలమును, మనుష్యులను కంప్యూటరులోనే నిర్మింతురు. ఇచట ప్రేక్షకుడు నడచి వస్తువు వెనుక భాగమును గూడ చూడవచ్చును.

మొదటి విధమునకు పేరుపొందిన ఉదాహరణము 'క్లౌడ్స్ ఓవర్ సిద్రా'. గాబో అరోరా, క్రిస్ మిల్క్ అనువారు ఐక్యరాజ్య సమితి కొరకు నిర్మింపగా, 2015 జనవరిలో దావోస్ ఆర్థిక సమావేశమున ప్రదర్శింపబడినది. జోర్డాను దేశములోని జాతరీ శరణార్థి శిబిరమున నివసించు పన్నెండేండ్ల సిరియా బాలిక సిద్రా, తన ఇంటిని, బడిని, రొట్టెల బట్టీని, ఆటస్థలమును చూపును. చిత్రము తొమ్మిది నిమిషములకు లోపే. దీని గుణము తొందరలేనితనము. కెమెరా ఒకచోట నిలిచి యుండును. బ్రదుకు దాని చుట్టును తనంత తాను సాగును. పిల్లలు దగ్గరకు వచ్చి కన్నులలోనికి చూతురు. శిబిరమనగా గుడారముల వరుసయని తలచువానికి, అచట బడి గంటయు, పిల్లల అల్లరియు గలవని తెలియును.

దోషమును ఇచటనే గలదు. పిల్లలు చూచినది ప్రేక్షకుని గాదు, స్తంభముపై నిలిపిన యంత్రమును. అన్ని దిక్కులును కనబడును గనుక చిత్రము తీయువారు కనబడకుండ తొలగవలెను, లేదా తరువాత చెరుపబడవలెను. మామూలు సినిమాలో తెరకు అంచు గలదు. ఆ అంచు, ఇది ఎవరో ఎంచి చూపిన భాగమని ప్రేక్షకునికి గుర్తుచేయుచుండును. ఇచట అంచు లేదు. అందుచే ఎంపికయే లేదన్న భ్రమ కలుగును. కాని ఎంపిక పోలేదు, దాగినది మాత్రమే. కెమెరాను ఏ గదిలో నిలిపిరి, ఏ నిమిషమున ఆపిరి, సిద్రా మాటలలో ఏవి ఉంచిరి అన్న నిర్ణయములన్నియు తెర వెనుక జరిగినవే. అదే సంవత్సరము ఒక ప్రసంగమున మిల్క్ ఈ సాధనమును సానుభూతిని కలిగించుటలో తుదిమెట్టుగా వర్ణించెను. ఎదుటివాని చోట నిలుచుట వేరు, ఎదుటివాడగుట వేరు. ప్రేక్షకుడు హెడ్‌సెట్ తీసి లేచిపోవును, సిద్రా లేచిపోలేదు.

రెండవ కృతి 'హంగర్ ఇన్ లాస్ ఏంజెలెస్'. పత్రికారచయిత్రి నానీ డి లా పెన్యా దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున దీనిని నిర్మించి, 2012 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవమున ప్రదర్శించెను. ఆ ప్రదర్శనకు హెడ్‌సెట్‌ను సిద్ధపరచిన పామర్ లక్కీ వయస్సు అప్పటికి 19. అన్నదాన కేంద్రము వెలుపల వరుసలో నిలిచిన మధుమేహ రోగి యొకడు కూలిపోవుట ఇందలి కథ. ధ్వని అచట నిజముగా పట్టినది. మనుష్యులు కంప్యూటరు బొమ్మలు. బొమ్మలు మోటువి. అయినను ప్రేక్షకులు కొందరు పడిపోయినవాని ప్రక్కన మోకరిల్లిరి, కన్నీరు పెట్టిరి.

విద్యార్థి గుర్తింపవలసినదేమనగా, ఇందలి సత్యము కంటికంటె చెవి ద్వారమున ప్రవేశించినది. బొమ్మ మోటుదైనను గొంతు నిజమైనచో మనస్సు నమ్మును. లోపము వేరొకటి. మోకరిల్లిన ప్రేక్షకుడు చేయి చాచినను పడినవానికి అందదు. పలికినను ఎవరును వినరు. అతడు నడువగలడు, ఏమియు చేయజాలడు. సిద్రా చిత్రములో ప్రేక్షకుడు చూడబడు స్తంభము. ఇచట ఎవరికిని కనబడని దయ్యము. ఆ నిస్సహాయత కథకు అర్థము కలిగించుననుటలో సందేహము లేదు. కాని విద్యార్థి దానిని ఎరిగి వాడవలెను గాని, యంత్రము యొక్క లోపమును భావముగా అమ్మరాదు.

మూడవది 2016లో వెలువడిన 'నోట్స్ ఆన్ బ్లైండ్‌నెస్: ఇంటు డార్క్‌నెస్'. బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయ ఆచార్యుడు జాన్ హల్ 1983 ప్రాంతమున చూపును పూర్తిగా కోల్పోయి, తన అనుభవమును కాసెట్లపై దినచర్యగా పలికెను. ఆ గొంతుకయే ఈ కృతికి ఆధారము. తెర చీకటి. ఎవరో నడచినచో అడుగుల చప్పుడుతో నీలికాంతి చుక్కల రూపము కనబడును. చప్పుడు ఆగినచో రూపము మాయమగును. ధ్వని ఉన్నంతవరకే లోకము.

దీనికి శాస్త్రాధారము కలదు. ధ్వని గాలిలో సెకండుకు సుమారు 340 మీటర్లు పోవును. ప్రక్కనుండి వచ్చు ధ్వని ఒక చెవికంటె రెండవ చెవికి సెకండులో పదివేలవంతులు ఆరేడు ఆలస్యముగా చేరును. ఇంత స్వల్పభేదముతోనే మెదడు దిక్కును నిర్ణయించును. వాన కురియునపుడు ప్రతి కప్పు, ప్రతి మెట్టు, ప్రతి పొద తన తన చప్పుడు చేయగా, తోటయంతయు ఆకారము దాల్చునని హల్ చెప్పెను. ఇది చూపు లేనివాని కష్టముల పట్టిక గాదు, అతడు సంపాదించిన నేర్పు.

ఈ భేదము చిన్నది కాదు. చూపుగలవారి కన్నులకు గంతలు కట్టి అంధత్వమును అనుభవింపజేయు అభ్యాసమును గూర్చి 2015లో అమెరికాలో ఒక పరిశీలన ప్రకటితమైనది. గంతలు కట్టుకొన్నవారికి, అంధులు ఉద్యోగము చేయగలరని, స్వతంత్రముగా బ్రతుకగలరని నమ్ముట తగ్గినది. కారణము ఊహింపదగినదే. గంతలు మొదటి దినపు తడబాటును మాత్రమే చూపును. ఏండ్ల అలవాటును చూపజాలవు. సానుభూతి పేర అవమానము చేసినట్లగును. హల్ కృతి ఈ దోషమునుండి చాలవరకు తప్పించుకొన్నది. ఏలయన, అందు ప్రేక్షకుడు హల్ స్థానమును ఆక్రమింపడు, హల్ ప్రక్కన కూర్చుండి వినును.

కావున విద్యార్థికి మూడు పనులు చెప్పవలెను. కెమెరా తెరువక ముందు ఆ స్థలమునకు పోయి, కన్నులు మూసికొని వినవలెను. ప్రేక్షకుడు అతిథియా, సాక్షియా, శ్రోతయా అన్నది ఒక వాక్యములో వ్రాసికొనవలెను. చిత్రము పూర్తియైన పిమ్మట, ఎవరి బ్రదుకును చూపెనో వారికే హెడ్‌సెట్ తొడిగి ముందుగా చూపవలెను. వారు కాదన్న చోట దిద్దవలెను.

యంత్రములు నిలుచునవి గావు. పాఠశాలల పిల్లలు చుట్టుచూపు యాత్రలు కూర్చుకొనుటకు గూగుల్ సంస్థ 2018లో తెరచిన 'టూర్ క్రియేటర్' 2021 జూన్ నెలాఖరున మూతపడినది. దాని మీటలు నొక్కుట మాత్రమే నేర్చినవానికి ఆ దినముతో విద్య ముగిసినది. నడుమ నిలిచినవాడెవరని అడుగుట నేర్చినవాడు రేపు వచ్చు యంత్రముతోను కథ చెప్పగలడు.