మేధోవైకల్యం గలవారు: పరిశోధన వస్తువులా, భాగస్వాములా?

ఉపోద్ఘాతం:
మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల తెలుగుకు కన్నడం, తమిళం ఇరుగుపొరుగు భాషలు. 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. కథ చెప్పినవారిని, పాట పాడినవారిని 'ఆవేదకులు'గా గుర్తించడం క్షేత్రపరిశోధనలో సంప్రదాయం. మేధోవైకల్యం గలవారి విషయంలో మాత్రం ఆ స్థానం సాధారణంగా తల్లిదండ్రులకో, ఉపాధ్యాయులకో దక్కుతుంది. ఎవరిని గురించి పరిశోధన సాగుతున్నదో వారి మాట మాత్రం వినిపించదు.

చట్టం - దాని పరిమితి:
1995 నాటి చట్టంలోని 'మెంటల్ రిటార్డేషన్' అనే మాటకు బదులు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మేధోవైకల్యాన్ని పేర్కొన్నది. పరిశోధనకు ముందు ఆ వ్యక్తికి అర్థమయ్యే రీతిలో వివరించి, స్వేచ్ఛాయుత సమ్మతి పొందాలని ఆ చట్టంలోని 6వ సెక్షన్ నిర్దేశించింది. సంబంధిత కమిటీ ముందస్తు అనుమతి కూడా తప్పనిసరి. ఇది విలువైన రక్షణ. అయితే ఇందులో ఆ వ్యక్తి ఇంకా పరిశోధనకు లోనయ్యేవాడే. కాదనే హక్కు లభించింది గాని, ప్రశ్నను నిర్ణయించే హక్కు లభించలేదు.

భాగస్వామ్య స్వరూపం:
స్నానం తానే చేయగలడా, డబ్బు లెక్కించగలడా అని ప్రశ్నావళి అడుగుతుంది. ఆ వ్యక్తినే ప్రశ్న వేయమంటే, తన పింఛను ఎవరి చేతిలో ఉంటున్నదనో, బస్సు కండక్టరు తనతో కాక పక్కవారితో ఎందుకు మాట్లాడుతున్నాడనో అడగవచ్చు. మొదటివి సామర్థ్యాన్ని కొలుస్తాయి. రెండోవి సమాజాన్ని పరీక్షిస్తాయి. పరిశోధన దిశ మారేది ఇక్కడే.

ఇందుకు భాషే మొదటి మెట్టు. గ్రాంథిక ఛాయలున్న సమ్మతిపత్రం కుప్పంలోని చదువరికే కష్టమైనప్పుడు, వీరికి అది అడ్డుగోడే. ఇంటి తెలుగులో, చిన్న వాక్యాల్లో, బొమ్మల సాయంతో చెప్పాలి. సమ్మతిని ప్రతి దశలోనూ మళ్లీ అడగాలి. మాట లేనివారు ముఖం తిప్పుకున్నా దానిని నిరాకరణగానే గ్రహించాలి.

అందరూ విశ్లేషణలో పాల్గొనలేరన్న అభ్యంతరం కొట్టిపారేయదగినది కాదు. కాని ఆ హద్దు పనిచేస్తుండగా తెలియవలసినదే తప్ప ముందే గీయవలసినది కాదు. మరోవైపు, పేరు మాత్రం చేర్చి నిర్ణయాలన్నీ సంరక్షకులకే వదిలితే అది భాగస్వామ్యం కాదు, అలంకారం.

ముగింపు:
ప్రశ్నలు కలిసి రూపొందించడం, ఫలితాలను వారికే ముందుగా వినిపించి సరిచూసుకోవడం, శ్రమకు తగిన ప్రతిఫలం, కోరితే పేరు - ఈ నాలుగూ కనీస ప్రమాణాలు. ఆవేదకుల మాటకు విలువనిచ్చిన తెలుగు క్షేత్రపరిశోధనకు ఇవి అసాధ్యం కావు.