నీటి అడుగున ఎరుపు

గుంటూరు మిర్చియార్డులో కళ్లు చెదరగొట్టే ఆ ఎరుపే, సముద్రంలో పది మీటర్లు దిగేసరికి వెలిసిపోయి బూడిద రంగులా కనిపిస్తుంది. నీరు ముందుగా మింగేది ఎరుపునే. అందుకే విశాఖ రుషికొండ దగ్గర స్కూబా దిగి ఫొటోలు తీసేవాళ్ల పనితనమంటే నాకెంతో గౌరవం.

మసక నీటిలో కెమెరాకు ఫోకస్ కుదిరేందుకు వాళ్లు వెంట తీసుకెళ్లే దీపమే ఫోకస్ లైటు. దాన్ని ఎంచుకునేటప్పుడు తెలిసినవాళ్లు ల్యూమెన్లు, అంటే వెలుగు కొలత, చూసి మురిసిపోరు. వెలుగు అంచుల దాకా సమంగా పరుచుకుంటోందా? తొడుగు వేసుకున్న చేత్తో మీట నొక్కగలమా? ఎర్ర దీపం ఉందా? చాలా చేపల కంటికి ఎరుపు సరిగా ఆనదు, అందుకే అవి బెదరవు. కెమెరాకు మాత్రం ఫోకస్ కుదురుతుంది. ఫొటోకు అసలు వెలుగు ఫ్లాష్‌దే. ఫ్లాష్ మెరిసే క్షణంలో తనంతట తాను ఆరిపోయే లైటయితే దాని మచ్చ బొమ్మలో పడదు.

కొనేవాళ్లు ముందు ఇవి చూడండి, ధర తర్వాత.