అనుమానించే హక్కు

స్వభావరీత్యా నేను నిరాశావాదిని. కొత్త యంత్రం ఏది వచ్చినా, దానివల్ల ఎవరి పని పోతుంది, పగ్గాలు ఎవరి చేతికి వెళ్తాయి అనే ప్రశ్నలే ముందు వేసుకుంటాను. కృత్రిమ మేధ విషయంలో ఈ దిగులు మరీ ఎక్కువ. తరతరాలుగా జనం రాసుకున్నదంతా పోగేసి, నాలుగైదు కంపెనీలు దాన్ని మళ్లీ జనానికే అమ్ముతాయేమో. అందులో తెలుగుకు చివరి వరసలోనే చోటు దక్కుతుందేమో. ఈ భయాల్లో ఏ ఒక్కటీ వట్టిదని నేననుకోను. అయితే నిరాశతో ఏం చేయాలన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు హైదరాబాద్‌లోని మా లాలాగూడలో దొరికింది.

1893లో నిజాం రైల్వే ఇక్కడ వర్క్‌షాప్ పెట్టింది. ఓవర్‌హాలింగ్‌కు వచ్చిన బోగీని పరీక్షించేవాళ్లెవరూ ‘బాగానే ఉంది కదా’ అని పని మొదలుపెట్టరు. ఎక్కడో ఒకచోట లోపం ఉండే ఉంటుందనుకునే దిగుతారు. పూర్వం రైల్వేల్లో చక్రాన్ని సుత్తితో కొట్టి చూసేవారు. గట్టి చక్రం ఖంగుమంటుంది, పగులు పట్టింది బొంగురుగా పలుకుతుంది. ఇప్పుడు ఇరుసులోకి అల్ట్రాసోనిక్ తరంగాలు పంపి, కంటికి కనపడని చీలికల్ని వెతుకుతారు. అనుమానం ఇక్కడ వృత్తిధర్మం. మనం రైల్లో నిశ్చింతగా నిద్రపోగలుగుతున్నామంటే ఆ అనుమానం చలవే. కాకపోతే బోగీ కిందికి దూరనిస్తేనే అది పనికొస్తుంది. తలుపులు మూసేసి ‘మమ్మల్ని నమ్మండి’ అంటే, అనుమానించేవాడికి దిగులొక్కటే మిగులుతుంది.

మా ఎలక్ట్రిక్ లోకో షెడ్డు సంగతి ఇంకా విలువైనది. అక్కడి ఇంజన్లలో డబ్ల్యూఏజీ-9 గూడ్సు బండ్లు లాగుతుంది, డబ్ల్యూఏపీ-7 ప్యాసింజరు బండ్లు లాగుతుంది. 1990లలో ఏబీబీ కంపెనీ నుంచి డబ్ల్యూఏజీ-9 కొన్నప్పుడు రైల్వే ఇంజన్లతో సరిపెట్టుకోలేదు, పరిజ్ఞానాన్నీ బదిలీ చేయించుకుంది. అందుకే చిత్తరంజన్ కార్ఖానా దాన్ని సొంతంగా తయారుచేయడమే కాదు, గేర్ల నిష్పత్తిని 77:15 నుంచి 72:20కి మార్చి వేగంగా పరుగెత్తే డబ్ల్యూఏపీ-7ను పుట్టించింది. లాగే బలం కొంత తగ్గింది, వేగం పెరిగింది. లోపలి లెక్క తెలిసినవాళ్లు చేయగలిగిన పని అది. ఒక టెక్నాలజీకి అర్థం తయారైన చోటే తేలిపోదు. విప్పి, బాగుచేసి, తమ అవసరానికి మలుచుకునే చోట తేలుతుంది.

2024లో రవితేజ, రామ్‌శ్రీ గౌతమ్ తెలుగు ఎల్ఎల్ఎం ల్యాబ్స్ తరఫున కృత్రిమ మేధలో చేసిందీ ఇలాంటిదే. గూగుల్ బయటపెట్టిన జెమ్మా మోడల్‌ను తీసుకుని భారతీయ భాషలకు తర్ఫీదు ఇచ్చి ‘నవరస’ను విడుదల చేశారు. జెమ్మానే ఎందుకంటే, మాటలను ముక్కలుగా విడగొట్టే దాని టోకెన్ల పట్టికలో సుమారు 2,56,000 ముక్కలున్నాయి. అంతకుముందు వచ్చిన లామా 2 మోడల్‌లో ఉన్నవి 32,000. ఈ తేడా తెలుగువాళ్లకు ఎందుకు ముఖ్యమో ‘లాలాగూడ’ అన్న మాటతోనే చూడొచ్చు. మన కంటికి నాలుగే అక్షరాలు. కంప్యూటర్ దాచుకునేది 21 బైట్లు. పట్టికలో తెలుగుకు చోటు లేకపోతే మోడల్ ఆ మాటను ఒక్కో బైటుగా, 21 ముక్కలుగా నమలాలి. ముక్క లెక్కన డబ్బు తీసుకునే చోట తెలుగువాడి బిల్లు పెరుగుతుంది, మోడల్ గుర్తుంచుకోగలిగే కథ కురచవుతుంది. టోకెన్ల పట్టిక చేతిలో ఉంది కాబట్టే ఈ అన్యాయాన్ని లెక్కకట్టి చూపగలుగుతున్నాం.

అందుకే ఇలా బయటపెట్టిన ఏ కొత్త మోడల్ వచ్చినా నా కంప్యూటర్లోకి దించుకుని, తెలుగు వాక్యాలిచ్చి అది ఎక్కడ తడబడుతుందో రాసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఇది నిరాశావాదికి తగిన పని. ఉత్సాహవంతులు వదిలేసిన తప్పులు వాడికే కనపడతాయి.

‘ఓపెన్’ అన్న ముద్ర చూసి సంబరపడటం లేదు. చాలా కంపెనీలు తర్ఫీదు పొందిన మోడల్ ఇస్తాయి కానీ ఏం చదివించారో చెప్పవు. ఇంజనిచ్చి నక్షా దాచుకోవడమే అది. ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ 2024 అక్టోబరులో ఇచ్చిన నిర్వచనం కోడ్, పారామీటర్లతో పాటు తర్ఫీదు డేటా గురించిన సవివరమైన సమాచారమూ ఉండాలంటుంది. జెమ్మా తొలి లైసెన్సులో కంపెనీ షరతులూ ఉన్నాయి. సరైన దారి చూపినవాళ్లు మన దగ్గరే ఉన్నారు. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం 2023లో 22 షెడ్యూల్డ్ భాషలకు ఇండిక్‌ట్రాన్స్2 అనువాద మోడల్‌ను, తర్ఫీదు డేటాతో సహా అందరికీ ఇచ్చింది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ ఇంజనీరింగ్ విద్యార్థులను కూడగట్టి తెలుగు కథలను డిజిటల్ రూపంలోకి తెచ్చి, చిన్న కథల మోడల్‌కు పునాది వేసింది.

నా దిగులు తీరలేదు, తీరాలనీ కోరుకోవడం లేదు. కోరేది ఒక్కటే: ప్రజల డబ్బుతో, ప్రజల భాషతో తయారయ్యే ప్రతి మోడల్‌నూ డేటా వివరాలతో సహా బయటపెట్టాలి. ప్రభుత్వం కొనే మోడళ్లకు ఇది టెండరులోనే షరతు కావాలి. విశ్వవిద్యాలయాలు తాము పోగేసిన తెలుగు పాఠాన్ని బీరువాల్లో దాచుకోకూడదు. తప్పు పట్టడానికి వీలున్న యంత్రం ఏదో ఒకరోజు బాగుపడుతుంది. ఆ వీలే లేని దాన్ని, అది ఎంత తెలివైనదైనా సరే, నమ్మమని మన పిల్లలకు చెప్పలేను.