సల్ఫేటు దగ్గర చెల్లని నాణెము

జీవరసాయన పాఠ్యగ్రంథములలో ఏ.టి.పి.ని 'శక్తి నాణెము' అనుట పరిపాటి. ఈ ఉపమానము పాఠమును సులభము చేసిన మాట నిజమే. కాని మానవకణములలో సల్ఫేటును చర్యకు సిద్ధపరచు పాప్స్ సింథేజు అను ఎంజైము దగ్గరకు వచ్చుసరికి ఆ నాణెము చెల్లదు.

పెద్దపల్లి విద్యార్థికి శక్తి అనగానే రామగుండము తోచును. అచ్చటి 2600 మెగావాట్ల కేంద్రములో బొగ్గు మండును. విద్యుత్తు తీగవెంట వచ్చి ఇంట దీపము వెలిగించును. బొగ్గు మాత్రము దీపమునకు అంటుకొనదు. ఏ.టి.పి.యును అట్లే శక్తి నిచ్చి తొలగిపోవునని అతడు తలచినచో, తప్పు అతనిది కాదు, ఉపమానముది.

సల్ఫేటు మందకొడి పదార్థము. తనంతట హార్మోనులతో గాని మృదులాస్థితో గాని కలియదు. ఎంజైము మొదట ఏ.టి.పి. నుండి రెండు ఫాస్ఫేటుల జంటను విడదీసి, మిగిలిన ఎడినోసీన్ భాగమును సల్ఫేటునకు తగిలించును. ఈ చర్య వెనుకకే మొగ్గునట్టిది. విడివడిన జంటను వేరొక ఎంజైము చీల్చివేయుటచేతను, రెండవ ఏ.టి.పి. తన ఫాస్ఫేటు నొకదానిని వెంటనే జోడించుటచేతను ముందుకు సాగును. అట్లు తయారైనదే పాప్స్. దీనిని 1956లో రాబిన్స్, లిప్‌మన్‌లు గుర్తించిరి. మొదటి ఏ.టి.పి. ఇచ్చట తన శరీరమునే ఇచ్చినది. నాణెము సరుకులో కరగిపోయెనని చెప్పవలెను గాబోలు! మనము మ్రింగు పారాసిటమాల్‌లో కొంతభాగమునకు కాలేయము సల్ఫేటును తగిలించి మూత్రముగుండ పంపుటయు ఈ పాప్స్ బలముననే.

ఇది మాటల పేచీ మాత్రమే కాదు. మనుష్యునిలో ఈ ఎంజైము రెండు రూపములలో కలదు. రెండవ రూపపు జన్యువు చెడినచో కాళ్లు పొట్టివై వంగి, వెన్ను గూనిపోవునని పాకిస్తానులోని ఒక పెద్ద కుటుంబమును పరిశీలించి 1998లో తేల్చిరి. 2009లో వర్ణింపబడిన ఒక బాలికలో డి.హెచ్.ఇ.ఏ. అను హార్మోనునకు సల్ఫేటు అందక, అది పురుషహార్మోనులుగా మారి మితిమీరెను. ఆ కణములలో ఏ.టి.పి.కి లోటు లేదు, కొరవడినది పాప్స్. నాణెపు పాఠము చదివినవాడు ఇచ్చట శక్తిలోపమునే వెదకును.

ఏ.టి.పి.ని 1929లో జర్మనీలో లోమన్, హార్వర్డులో ఫిస్కె, భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు వేరువేరుగా కనుగొనిరి. 1925లోనే ఫాస్ఫరసును రంగు గాఢతచే కొలుచు పద్ధతిని ప్రకటించిన ఫిస్కె, సుబ్బారావులు ఏ ఫాస్ఫేటు ఎచ్చట నున్నదో లెక్క తీసిన వారు. తెలుగు పాఠములలో సుబ్బారావు పేరు వచ్చినంతగా ఆ లెక్క రాలేదు.

నాణెమును పూర్తిగా తొలగించ నక్కరలేదు. కండరముల పాఠములో అది పనికివచ్చును. సల్ఫేటు ప్రకరణమున మాత్రము ఎడినోసీన్ ఎచ్చటికి పోయినదో చూపు బొమ్మ నొకదానిని వేయవలెను.