గోడ మీద బొంత, బొంత మీద పేరు

మన ఇళ్లలో బొంత పడకకే పరిమితం. పాత చీరలు, చిరిగిన పంచెలు పొరలుగా పరిచి అమ్మమ్మలు కుట్టిన బొంతను ఎవరూ కళ అనలేదు. కుట్టిన చేతి పేరూ ఎవరూ అడగలేదు. తన బొంతలను తన పేరుతో గోడకెక్కించిన అమెరికా నల్లజాతి చిత్రకారిణి ఫెయిత్ రింగ్‌గోల్డ్ పని మనకు దగ్గరిది కావడానికి కారణం ఇదే. 1930లో న్యూయార్క్ నగరంలోని హార్లెమ్‌లో పుట్టిన ఆమె 2024లో, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆమె ప్రదర్శనలను అందంతో మాత్రమే కొలిస్తే సరిపోదు. బొంతను గోడకు వేలాడదీసినప్పుడు శ్రమకు గౌరవం పెరుగుతుందా, లేక శ్రమ అలంకారంగా మిగిలిపోతుందా? మా పరిశీలన ఈ ప్రశ్న చుట్టూనే.

రింగ్‌గోల్డ్ మొదట చట్రానికి బిగించిన పెద్ద పెద్ద కాన్వాసుల మీద తైలవర్ణ చిత్రాలు వేశారు. 1972లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో బౌద్ధ చిత్రపటాలైన టిబెట్ థాంగ్కాలను చూశారు. థాంగ్కాకు చెక్క చట్రం ఉండదు. చుట్టూ కుట్టిన బట్ట అంచే దానికి చట్రం. చాపలా చుట్టి చంకన పెట్టుకుని మరో ఊరిలో విప్పి వేలాడదీయవచ్చు. రింగ్‌గోల్డ్ ఈ పద్ధతిని తీసుకున్నారు. బట్టలు కుట్టడంలో ఆరితేరిన ఆమె తల్లి విల్లీ పోజీ ఆ అంచులు కుట్టిచ్చారు. రింగ్‌గోల్డ్ ఇక్కడ తీసుకున్నది మన దర్శనాన్ని కాదు, పనితీరును. ఆమెను మనవారిలో కలిపేసుకోనక్కర లేదు. అయితే సంచారం చేసే భిక్షువులకు పనికొచ్చిన రూపమే, పెద్ద గ్యాలరీల తలుపులు తెరుచుకోని ఒక నల్లజాతి స్త్రీకీ పనికొచ్చిందన్నది గమనించవలసిన విషయం.

1980లో తల్లీకూతుళ్లు కలిసి తొలి బొంత కుట్టారు. మరుసటి ఏడాది తల్లి చనిపోయారు. అప్పట్లో రింగ్‌గోల్డ్ ఆత్మకథను అచ్చువేయడానికి ప్రచురణకర్తలు ముందుకు రాలేదు. ఆమె తన కథలను బట్ట మీదే రాయడం మొదలుపెట్టారు. 1983 నుంచి వచ్చిన ఈ కథల బొంతల్లో ప్రసిద్ధమైనది 1988 నాటి 'టార్ బీచ్'. ఎనిమిదేళ్ల క్యాసీ మిద్దె మీద నుంచి ఎగిరి జార్జ్ వాషింగ్టన్ వంతెనను తనదిగా చేసుకుంటుంది. ఆ వంతెన కట్టిన పనివాళ్లలో ఆమె తండ్రి ఒకడు. కానీ రంగు కారణంగా కార్మిక సంఘం అతన్ని చేర్చుకోదు. మనకు ఈ కథ విప్పి చెప్పవలసిన పని లేదు.

ఇక వేలాడదీసే తీరు. బొంత వెనుక పైఅంచున గొట్టంలా బట్ట కుట్టి, అందులో కర్ర దూర్చి వేలాడదీయడం మామూలు పద్ధతి. బరువు అంచు పొడవునా సమంగా పడుతుంది, మేకులు బట్టను చింపవు. రంగు వెలవకుండా మ్యూజియంలు వెలుతురును బాగా తగ్గిస్తాయి. బట్టకు ఇది మంచిదే, కథకు కాదు. 'టార్ బీచ్'లో చేతిరాత పంక్తులు పైన, కింద బట్టపట్టీల మీద ఉన్నాయి. బొంతను ఎత్తులో, మసక వెలుతురులో పెడితే చూసేవారికి రంగులు అందుతాయి, సాక్ష్యం అందదు. కథల బొంతను చదవగలిగే ఎత్తులో పెట్టని ప్రదర్శన ఎంత పెద్ద మ్యూజియంలో జరిగినా సగం ప్రదర్శనే అని మా అభిప్రాయం.

ఈ మాటకు న్యాయస్థానంలోనూ బలం ఉంది. రింగ్‌గోల్డ్ వేసిన ఒక చర్చి విందు బొంత బొమ్మను పోస్టర్‌గా అచ్చువేశారు. 'రాక్' అనే టెలివిజన్ హాస్య ధారావాహికలో ఆ పోస్టర్‌ను అనుమతి లేకుండా గోడకు తగిలించారు. అన్ని దృశ్యాలూ కలిపితే అది కనిపించింది 26.75 సెకన్లు. కింది కోర్టు ఆమెకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. 1997లో అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసి కేసును తిరిగి విచారణకు పంపింది. ఆ పోస్టర్‌ను గది అలంకరణకే వాడారని, అది తయారైనదీ అందుకేనని, కొద్ది సెకన్లే కదా అని తోసేయడానికి వీల్లేదని కోర్టు భావించింది. వెనుక గోడ మీద ఉన్నది కూడా ఒకరి కష్టార్జితమే!

మన 1957 కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కృతి తనదని చెప్పుకునే హక్కును కర్తకు ఇచ్చింది. కృతిని ప్రదర్శించకపోయినా, కర్తకు తృప్తి కలిగేలా ప్రదర్శించకపోయినా ఆ హక్కుకు భంగం కాదని అదే సెక్షన్ వివరణ చెబుతుంది. అంటే పేరు కోసం చట్టాన్ని అడగవచ్చు, గోడ మీద మంచి చోటు కోసం అడగలేం. ఆ చోటును కర్త ముందే మాట్లాడుకుని సాధించుకోవాలి, లేదా నిర్వాహకులు అంతరాత్మతో ఇవ్వాలి.

అయినా సొంత ప్రదర్శనలో ఒక లోపం ఉండిపోతుంది. బొంత ఒక్క చేతి పని కావడం అరుదు. గోడ మాత్రం ఒక్క పేరునే కోరుకుంటుంది. తొలి బొంత విషయంలో రింగ్‌గోల్డ్ తల్లి పేరును దాచలేదు. బానిసత్వంలో ఉండి బొంతలు కుట్టిన ముత్తవ్వ నాటి నుంచి ఈ పని తనకు వచ్చిందనీ చెప్పుకున్నారు. ఈ నిజాయితీ అందరిలో ఉండదు.

వినయపిటకంలో ఒక ఘట్టం ఉంది. గట్లతో మడులుగా ఉన్న మగధ పొలాలను చూపించి, చీవరాన్ని అలా కుట్టగలవా అని బుద్ధ భగవానుడు ఆనందుణ్ణి అడిగాడు. ఆనందుడు ముక్కలు అతికి కుట్టి చూపించాడు. భగవానుడు అతని తెలివిని సంఘం ముందు మెచ్చుకున్నాడు. అతుకుల బట్ట మిగిలింది, కుట్టినవాడి పేరూ మిగిలింది. మన సంప్రదాయం ఇది.

కాబట్టి ధమ్మ బంధువులకు మా సూచన. జయంతి సభల్లో, విహారాల్లో మన స్త్రీల కుట్టుపనిని వేదిక వెనుక తెరలా వాడటం ఇక ఆపుదాం. దాన్ని కంటి ఎత్తులో వేలాడదీద్దాం. పక్కన ఒక చీటీ పెట్టి కుట్టినవారి పేరు, కూడా కుట్టినవారి పేర్లు, ఊరు, ఏడాది రాద్దాం. ఏ చీర ముక్క ఎవరిదో ఆమెనే చెప్పమందాం. సభ అయ్యాక దుమ్ము దులిపి, మడిచి, ఆమె చేతికే తిరిగి ఇద్దాం. చలికాలంలో అది ఎవరికో కప్పుకోవడానికి కావాలి.