నాలుగు బెజ్జాలు

ఈ పనితనం చూడాలంటే ముందు స్పీకరును దించాలి. తర్వాత దాన్ని మోస్తున్న చెక్క స్టాండును రెండు చేతులతో పైకెత్తి గోడ నుంచి విడదీయాలి. అప్పుడు గోడ మీద మిగిలేది అడుగు పొడవున్న ఒక ప్లైవుడ్ పట్టీ, అందులో రెండు స్క్రూలు. హాల్లో సోఫాకు ఎదురుగా ఉన్న గోడలో కిటికీకి అటు ఒకటి, ఇటు ఒకటి కాబట్టి మొత్తం రెండు పట్టీలు, నాలుగు స్క్రూలు. హైదరాబాదు కూకట్‌పల్లిలో ఒక పాత అపార్టుమెంటు అది. మా పక్క ఫ్లాటులో అద్దెకుంటున్న దంపతులకు ఒక వడ్రంగి మేస్త్రి చేసిపెట్టిన పని. చేస్తున్నంతసేపూ పక్కనే నిలబడి చూశాను. అద్దె ఇంటి గోడను ఇంత మర్యాదగా ముట్టుకున్న పని నేను మరొకటి చూడలేదు.

అద్దె ఇంట్లో గోడ మనది కాదు. గోడలకు మేకులు కొట్టకూడదన్న మాట చాలా అద్దె ఒప్పందాల్లో ఉంటుంది. రాయకపోయినా తాళాలు ఇచ్చేటప్పుడు నోటితో చెబుతారు. ఈ ఇంటి ఓనరు కింది అంతస్తులోనే ఉండే పెద్దావిడ. డ్రిల్ మిషను సంచి చూడగానే పైకి వచ్చారు.

"ఎన్ని బెజ్జాలు పెడతావయ్యా?"

"నాలుగేనమ్మా. ఒక్కో డబ్బాకి రెండు."

"మరి వీళ్లు ఖాళీ చేసినప్పుడో?"

"నేనే వచ్చి పూడ్చిపోతానమ్మా. రంగు డబ్బా అడుగున ఏమన్నా మిగిలుంటే పారెయ్యకండి."

ఆమె లోపలికి వెళ్లి, మిగిలిన రంగు డబ్బా మూత మీద ఉన్న షేడు నంబరు కాగితం మీద రాసి తెచ్చి ఇచ్చారు. మేస్త్రి దాన్ని స్టాండు వెనక వైపు పెన్సిలుతో రాసి పెట్టాడు. బిగించడం మొదలుపెట్టకముందే విప్పే రోజుకు ఏర్పాటు చేసుకున్నాడు. ఈ పని మొత్తంలో నాకు కనిపించిన గుణం అదే.

ఆ పట్టీ సంగతి చెప్పాలి. వడ్రంగంలో దీన్ని ఫ్రెంచ్ క్లీట్ అంటారు. 18 మిల్లీమీటర్ల మందమున్న ప్లైవుడ్ పట్టీని పొడవునా 45 డిగ్రీల వాలుతో రెండుగా కోస్తారు. ఒక సగం గోడకు బిగుస్తుంది, దాని పై అంచు గోడ వైపు పల్లంగా వాలి ఉంటుంది. రెండో సగం స్టాండు వెనక బిగుస్తుంది, దాని కింది అంచు ఆ వాలులోకి వచ్చి కూర్చుంటుంది. బరువు పెట్టినకొద్దీ వాలు వెంట జారి స్టాండు గోడనే హత్తుకుంటుంది. తీయాలంటే పైకి ఎత్తడం తప్ప ఇంకేమీ అక్కర్లేదు. మేస్త్రి రెండు అడుగుల పట్టీ ఒక్కటే తీసుకుని, కోత మిషను అడుగు పలకను 45 డిగ్రీలకు వంచి ఒక్క కోత కోశాడు. ఆ ఒక్క కోతలోంచే రెండు స్పీకర్లకూ కావలసిన నాలుగు ముక్కలూ వచ్చాయి. వేరు వేరు పట్టీల్లో కోస్తే వాలులో అర డిగ్రీ తేడా రావచ్చు. ఒకే కోతకు అటూ ఇటూ ఉన్న ముక్కలకు ఆ బెంగ లేదు. ఏ ముక్కకు ఏది జతో పెన్సిలుతో గుర్తు పెట్టుకుని, చిత్రిక ఒక్కసారి తేలిగ్గా పట్టి వదిలేశాడు.

గోడ మీద ముక్క అడుగు పొడవుంది, స్టాండు మీది ముక్క 18 సెంటీమీటర్లే. ఆ తేడా కావాలని ఉంచిందే. స్టాండును పట్టీ మీద అటూ ఇటూ కలిపి 12 సెంటీమీటర్లు జరపవచ్చు. స్పీకర్లు ఎక్కడుంటే పాట సరిగ్గా కుదురుతుందో బిగించి విన్న తర్వాతే తేలుతుంది. మామూలు బ్రాకెట్టయితే ఆ సర్దుబాటుకు కొత్త బెజ్జం కావాలి. ఇక్కడ వేలితో నెడితే చాలు.

స్పీకరు డబ్బా ఆరు కిలోలు, స్టాండుతో కలిపి ఏడు. ఏడు కిలోలు గోడకు ఒక లెక్కే కాదనిపిస్తుంది. కానీ స్పీకరు క్యాలెండరులా గోడకు అంటుకుని ఉండదు, ముందుకు పొడుచుకొస్తుంది. నీళ్ల బిందెను చంకన పెట్టుకుంటే ఊరంతా తిరగవచ్చు, చేయి చాచి పట్టుకుంటే గుమ్మం దాటలేం. ఇక్కడ మొత్తం బరువు కేంద్రం గోడకు సుమారు 16 సెంటీమీటర్ల దూరంలో ఉంది. స్టాండు కింది అంచు గోడకు ఆనుకుని తిరుగుడు కీలు అవుతుంది, పైనున్న స్క్రూలను బయటికి లాగుతుంది. ఆ లాగుడు ఎంతన్నది స్టాండు ఎత్తును బట్టి ఉంటుంది. స్క్రూలకూ కింది ఆనికకూ మధ్య ఎనిమిది సెంటీమీటర్లే ఉంటే, ఏడును పదహారుతో హెచ్చవేసి ఎనిమిదితో భాగిస్తే 14 కిలోల లాగుడు. ఇతను చేసిన స్టాండులో ఆ దూరం 28 సెంటీమీటర్లు, కాబట్టి నాలుగు కిలోలు. స్క్రూకు రెండేసి కిలోలు. మేస్త్రి ఈ హెచ్చవేతలేవీ చేయలేదు. "వెనక పలక పొడుగ్గా ఉంటే గోడకి నొప్పుండదు సార్" అన్నాడు, అంతే. లెక్క నేను ఇంటికొచ్చి వేసుకున్నాను, అతని మాటకు అంకెలు సరిపోయాయి.

అతికించే పట్టీలు, హుక్కులు బజారులో దొరుకుతాయి, బెజ్జమే అక్కర్లేదు కదా అని ఆ ఇల్లాలు అడిగింది. చిన్న ఫోటో ఫ్రేములకు అవి మంచివే. ముందుకు వాలే బరువు పడితే మాత్రం పై అంచు నుంచి ఒలుచుకొస్తాయి. పైగా పుట్టీ మీద వేసిన డిస్టెంపరు గోడల్లో జిగురు గట్టిగానే పట్టుకుంటుంది, ఊడిపోయేది గోడ పొర. స్పీకరు కింద పడటమే కాక అరచేయంత పుట్టీ పెచ్చు లేస్తుంది. శుభ్రమైన ఎనిమిది మిల్లీమీటర్ల బెజ్జం దానికన్నా గోడకు చాలా తక్కువ హాని.

ఇక బెజ్జం వేసిన తీరు. ముందు స్విచ్ బోర్డులు ఎక్కడున్నాయో చూసి, వాటికి నిలువునా పైనా కిందా ఉన్న మేరను వదిలేశాడు. గోడలోపలి కరెంటు గొట్టాలు చాలావరకు ఆ దారినే పోతాయి. బాత్‌రూము గోడ జోలికీ పోలేదు, నీళ్ల పైపులుంటాయి. తర్వాత ఎత్తు. రెండు స్పీకర్ల మధ్య ఎనిమిది అడుగులు, మధ్యలో కిటికీ. నేల టైల్స్ నుంచి టేపు పెట్టి కొలవచ్చు, కానీ నేలకు వాటం ఉంటుంది. సంచిలోంచి పారదర్శకమైన సన్నని గొట్టం తీసి నీళ్లు నింపాడు. గాలి బుడగలు పోయేదాకా వేలితో తడుతూ ఆగాడు. ఒక కొన నా చేతికిచ్చి మొదటి గుర్తు దగ్గర పట్టుకోమని, రెండో కొన అవతల పట్టుకున్నాడు. నీళ్లు నిలిచిన చోట గీత గీశాడు. తాపీ మేస్త్రీలు పునాదులకు వాడే పద్ధతి అది. రసమట్టాన్ని పట్టీలకు విడివిడిగా ఉపయోగించాడు, దూరానికి మాత్రం నీళ్ల గొట్టాన్నే నమ్మాడు.

గుర్తు మీద మాస్కింగ్ టేపు అతికించాడు. దానివల్ల డ్రిల్లు మొన పక్కకు జారదు, రంగు అంచులు చిట్లవు. గుర్తు కింద పాత కవరు నోరు తెరిచి అతికించాడు, పొడి అందులో పడటానికి. డ్రిల్లు మొనకు 55 మిల్లీమీటర్ల దగ్గర ఇంకో టేపు ముక్క చుట్టాడు, అంతకన్నా లోతు పోకుండా. ఆ గోడ నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ. సుత్తిదెబ్బల మీటతో మొదటినుంచీ కొడితే అవతలి వైపు పూత పగలవచ్చు. అందుకని పుట్టీనీ సిమెంటు పూతనూ ఒట్టి తిప్పుడుతోనే దాటాడు. కవరులో మొదట తెల్లపొడి పడింది, తర్వాత బూడిదరంగు. ఎర్రపొడి రాలడం మొదలయ్యాక మీట మార్చాడు. ఎరుపంటే ఇటుక తగిలినట్టు. లోతుకెళ్లినా బూడిదరంగే వస్తుంటే రెండు ఇటుకల మధ్య అతుకులో ఉన్నామని అర్థం. అతను పట్టీకి ముందే రంధ్రాలు వేసి తేలేదు. గోడలో మంచి ఇటుక దొరికిన చోట బెజ్జం వేసి, దాని కొలత పట్టీ మీదికి ఎక్కించాడు. మామూలుగా జనం చేసేది దీనికి తలకిందులు.

ఆ బెజ్జంలోకి వెళ్లే ప్లాస్టిక్ గొట్టం గురించి కొంచెం చెప్పకుండా ఉండలేను. దీన్ని రాల్ ప్లగ్ అంటారు. ఇంగ్లండులో జాన్ జోసెఫ్ రాలింగ్స్ అనే బిల్డరు 1910ల మొదట్లో కనిపెట్టిన సరుకు పేరే వాడుకగా మిగిలింది. అంతకుముందు గోడకు ఏదైనా బిగించాలంటే ఉలితో గుంట చెక్కి, చెక్క ముక్క దిగ్గొట్టి, దాంట్లో మేకు కొట్టేవాళ్లు. రాలింగ్స్ జనపనారను గొట్టంలా చుట్టి జిగురుతో గట్టిపరిచి, సన్నని బెజ్జంలో సరిపోయేలా చేశాడు. ఇప్పుడు మనం చూసే రూపం జర్మనీలోని టుమ్లింగెన్ ఊరికి చెందిన ఆర్తూర్ ఫిషర్‌ది. 1958లో ఆయన దాన్ని నైలానుతో చేశాడు. 1919లో పుట్టి 2016లో పోయిన ఆ మనిషి పేరిట వెయ్యికి పైగా ఆవిష్కరణలు నమోదయ్యాయి, కానీ లోకమంతా గోడల్లో నిలిచింది ఈ చిన్న ముక్కే. చేతిలోకి తీసుకుని చూడండి. ముందు సగం నిలువునా చీలి ఉంటుంది, స్క్రూ దూరగానే అటూ ఇటూ ఉబ్బి ఇటుకను నొక్కి పడుతుంది. ఒంటి మీది పళ్లు వెనక్కి రానివ్వవు. పక్కలకు లేచిన రెండు నాలుకలు స్క్రూతో పాటు గొట్టం తిరగకుండా ఆపుతాయి. పట్టు అంతా రాపిడిదే, జిగురు చుక్క ఉండదు. కాబట్టే మళ్లీ బయటికి తీయగలం. మేస్త్రి తెచ్చినవి ఎనిమిది మిల్లీమీటర్లవి, 40 మిల్లీమీటర్ల పొడవు. వాటిని గోడ అంచుకు సమంగా కొట్టి ఆపలేదు. ఇంకో సెంటీమీటరు లోపలికి దించాడు. ఉబ్బే భాగం సిమెంటు పూతలో ఉండిపోతే పూత పగులుతుంది, ఇటుకలోకి చేరితే గోడకు తెలియదు కూడా.

స్పీకర్ల అసలు ఉద్యోగం వినిపించడం కాబట్టి ఆ వైపు చూడాలి. గోడకు దగ్గరైన స్పీకరులో మంద్రస్వరాలు పెరుగుతాయి. వెనక్కి పోవలసిన శబ్దాన్ని గోడ ముందుకు తిప్పుతుంది, ఈ పెరుగుదల గరిష్ఠంగా ఆరు డెసిబెల్స్ దాకా ఉండవచ్చు. తిరిగొచ్చిన శబ్దం కొన్ని స్వరాల దగ్గర అసలు శబ్దానికి ఎదురై దాన్ని చంపి, అక్కడ ఒక గుంట మిగులుస్తుంది కూడా. గోడలు స్పీకర్లను ఏం చేస్తాయో స్పీకర్ల ఇంజినీరు రాయ్ ఆలిసన్ 1974లో వివరంగా రాశాడు. స్పీకరు ముఖం గోడకు మీటరు దూరంలో ఉంటే ఆ గుంట సుమారు 86 హెర్ట్జ్ దగ్గర పడుతుంది, అంటే తబలా డగ్గా గుమకలు పలికే మేరలో. 30 సెంటీమీటర్లకు తెస్తే సుమారు 286కు జరుగుతుంది. దగ్గరయ్యేకొద్దీ గుంట పైకి పోతుంది, గుమకలు నిలుస్తాయి. చేయి చాచినట్టుండే ఇనుప బ్రాకెట్టు డబ్బాను గోడకు మరింత దూరం చేస్తుంది. ఈ స్టాండు, పట్టీ కలిసి తీసుకున్న మందం 36 మిల్లీమీటర్లే. డబ్బాకు గాలి రంధ్రం ముందు వైపే ఉండటం కూడా కలిసొచ్చింది, వెనక ఉంటే ఇంత దగ్గరగా పెట్టలేం. పెరిగిన మంద్రాన్ని ఆంప్లిఫయరు మీది మీటతో కొంచెం తగ్గించుకున్నారు.

కూర్చున్న మనిషి చెవి నేల నుంచి మీటరు ఎత్తులో ఉంటుంది. స్పీకర్లను అంత కిందికి పెట్టలేకపోయారు. అందుకని డబ్బాలను తలకిందులుగా నిలబెట్టాడు. పై స్వరాలు పలికే ట్వీటరు కిందికి వచ్చింది, చెవికి దాదాపు అరడుగు దగ్గరైంది. పైగా డబ్బా వెనక అంచు కింద నాలుగు సెంటీమీటర్ల చెక్క పెట్టి ముఖం సోఫా వైపు వంచాడు. వంచితే ముందుకు జారుతుంది కాబట్టి స్టాండు ముందు అంచున సెంటీమీటరు ఎత్తు పట్టీ కొట్టాడు. డబ్బా కింద, స్టాండు గోడకు ఆనే చోట పాత సైకిలు ట్యూబు ముక్కలు పరిచాడు. డబ్బా వణుకు గోడకు పాకదు, చెక్క గణగణమనదు. స్పీకరు డబ్బాకు మాత్రం ఒక్క స్క్రూ కూడా దిగలేదు.

వైరు సంగతి త్వరగా చెప్పవచ్చు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, స్కర్టింగ్ టైల్స్ పై అంచు వెంట తలుపు చట్రం దాకా. ఐదు మీటర్ల దూరానికి రానుపోను నిరోధం సుమారు 0.12 ఓములే, ఎనిమిది ఓముల స్పీకరుకు అది లెక్కలోది కాదు. ఖరీదైన వైరు కొనిపించబోయిన దుకాణం మాట వాళ్లు వినకపోవడం మంచిదైంది.

ఖాళీ చేసే రోజున పని ఇలా సాగుతుందని మేస్త్రి చెప్పాడు. పట్టీ తీశాక స్క్రూను మళ్లీ ప్లగ్గులోకి సగం దాకా బిగించి, కటింగ్ ప్లేయరుతో స్క్రూను పట్టి తిన్నగా లాగితే ప్లగ్గు దాంతోపాటు వచ్చేస్తుంది. బెజ్జంలో పొడి ఊది, తడి చేసి, పుట్టీ ఒకేసారి కాకుండా రెండు విడతలుగా నింపాలి. ఆరేటప్పుడు పుట్టీ కుంచించుకుపోతుంది, ఒకేసారి నింపితే గుంట మిగులుతుంది. సన్న ఉప్పుకాగితం పట్టి, రంగును కుంచెతో గీయకుండా స్పాంజితో అద్దాలి. కుంచె గీత పాత రంగు మీద మచ్చలా తేలుతుంది. ఎలాగూ పెయింటింగ్ ఖర్చు అడ్వాన్సులోంచి పట్టుకుంటారు కదా, ఇంత శ్రమ దేనికని అడిగేవాళ్లున్నారు. రంగు వేసేవాడు బెజ్జం మీద పైపైన పూసి పోతాడు, ఏడాదికి ఆ పూత రాలి బెజ్జం బయటపడుతుంది. ఆ గోడతో బతకాల్సింది తర్వాత వచ్చే అద్దెవాళ్లు. ఈ మేస్త్రి ఆ శ్రమను తన పనిలో భాగంగానే లెక్కగట్టి కూలి మాట్లాడుకున్నాడు, నాకది న్యాయంగా తోచింది.

వాళ్లు వచ్చే ఏడాది మియాపూర్ వైపు మారాలనుకుంటున్నారు. స్టాండ్లు, పట్టీలు అవే పోతాయి. మారేది ప్లగ్గే. కొత్త అపార్టుమెంట్లలో తేలికపాటి ఏఏసీ దిమ్మెల గోడలు ఎక్కువ. వాటిలో సుత్తిమీట అసలు వాడకూడదు, బెజ్జం వదులైపోతుంది. ఒట్టి తిప్పుడుతో వేసి, దిమ్మెలో మెలికలు తిరుగుతూ దిగే పొడవైన ప్లగ్గు పెట్టాలి. అల్యూమినియం అచ్చుల్లో పోసిన కాంక్రీటు గోడ తగిలితే కథ వేరు. బూడిదపొడి తప్ప ఇంకేమీ రాలదు, కడ్డీ తగిలితే బెజ్జాన్ని రెండంగుళాలు పక్కకు జరపాలి. పట్టీ అడుగు పొడవుంది కాబట్టి ఆ జరుపుడు కూడా దాని వెనకే పడుతుంది.