బల్బులో నీలం, ఫోనులో నీలం

2014–15లో పాత బల్బులు రెండిచ్చి, ఒక్కొక్కటి పది రూపాయల చొప్పున రెండు ఎల్‌ఈడీ బల్బులు తెచ్చుకున్న జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. తణుకు ఇళ్లలో తెల్లగా వెలిగిన ఆ బల్బు లోపలి చిప్ నిజానికి నీలం. పైన పూసిన ఫాస్ఫర్ ఆ నీలంలో కొంత పసుపుగా మారిస్తే, రెండూ కలిసి కంటికి తెలుపు. ఓలెడ్ ఫోను తెరలో నీలం వేరు. అక్కడ వెలిగేవి కార్బన్‌తో కట్టిన సేంద్రియ అణువులు.

నీలం సాధించడం మహా కష్టమని రెండింటినీ ఒకే గాటన కడతారు. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. మొదటిది పుట్టడానికి ఏడిపించింది, రెండోది బతకడానికి ఏడిపిస్తోంది.

బల్బులోని నీలం చిప్ గాలియం నైట్రైడ్‌ది; అది మంచి స్ఫటికంగా పెరగడమే గండం. 1986లో అకసాకి, అమానో నీలమణి పలక మీద అల్యూమినియం నైట్రైడ్ పొర వేసి పెంచారు. 1993లో నిచియా కంపెనీలో నకమురా ప్రకాశవంతమైన దీపం చేశాడు. 2014లో ముగ్గురికీ నోబెల్. తర్వాత మిగిలింది ధర తగ్గడమే.

సేంద్రియ నీలం నకమురా దీపానికి ముప్పయ్యేళ్ల ముందే, 1963లో ఆంత్రసీన్ స్ఫటికంలో వెలిగింది. కాకపోతే నాలుగు వందల వోల్టులు అడిగింది. 1987లో కోడక్‌లో టాంగ్, వాన్‌స్లైక్ పలుచని పొరలతో పది వోల్టుల లోపే దీపం వెలిగించారు, అది ఆకుపచ్చ. అసలు చిక్కు ఆ తర్వాతిది. కరెంటుతో పుట్టే ఉత్తేజిత స్థితుల్లో నాలుగింట మూడు ట్రిప్లెట్లు అనే రకానివి. మామూలు అణువుల్లో అవి దాదాపు వృథా. ఇరిడియం చేర్చి వాటినీ వెలిగించారు; అలా వెలిగేది ఫాస్ఫరసెంట్, వాటిని వృథాగా వదిలేసేది ఫ్లోరసెంట్. ఎరుపు, ఆకుపచ్చ నిలిచాయి, నీలం నిలవలేదు. నీలపు ట్రిప్లెట్ శక్తి దాదాపు 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు. రెండు ఢీకొంటే అయిదుకు పైగా శక్తి ఒకే అణువు మీద పడుతుంది. కార్బన్–నైట్రోజన్ బంధం తెగడానికి మూడు, నాలుగు చాలు.

అందుకే సామర్థ్యం శాతం ఘనంగా చాటి, వెలుగు ఎన్ని గంటలకు సగమవుతుందో చెప్పని పరిశోధనా పత్రాన్ని నేను లెక్కలోకి తీసుకోను. తెరల కంపెనీలు నీలం చుక్కను పెద్దది చేసి దాని మీద కరెంటు భారం తగ్గించాయి; తెలివే గానీ, రసాయనం ఓడిన చోట జ్యామితి ఆదుకుందన్నమాట! 2025లో ఎల్‌జీ డిస్‌ప్లే ప్రకటించిన తెరలో కూడా పాత ఫ్లోరసెంట్ నీలం మీద కొత్త ఫాస్ఫరసెంట్ నీలాన్ని పేర్చారు. కరెంటు పదిహేను శాతం ఆదా అన్నారు. పాతదాన్ని పూర్తిగా తీసేసే ధైర్యం మాత్రం లేకపోయింది.

ఇంటి దీపంగా ఓలెడ్ ఆ చవక బల్బు పక్కన నిలబడలేకపోయింది. తెర దగ్గర మాత్రం తక్కెడ ఓలెడ్ వైపే మొగ్గుతుంది. గాలియం నైట్రైడ్‌తో తెర చేయాలంటే లక్షల చిప్‌లను కూర్చాలి. సేంద్రియ అణువులనైతే శూన్యంలో ఆవిరి చేసి గాజు మీద పొరగా దించితే చాలు.